బతికున్నోడి ఫ్లెక్సీ

కోదాడ బస్టాండు వెనక సందులో ఉన్న ఫ్లెక్సీల దుకాణంలో శ్రీహరి పదకొండేళ్లు డిజైనరుగా పనిచేశాడు. సొంతూరు నడిగూడెం. పుట్టినరోజైనా, ఓణీల ఫంక్షనైనా, చావైనా, చుట్టుపక్కల ఎవరింట్లో ఏం జరిగినా వాళ్ల ఫొటో మొదట అతని కంప్యూటరులోకి రావాల్సిందే. గుంపులోంచి మనిషిని విడదీసి, భుజం మీద ఉన్న పక్కవాడి చేతిని చెరిపేసి, చొక్కా మీద కోటు తొడిగి, మొహానికి కాస్త తెలుపు పూసి ఇచ్చేవాడు. చనిపోయినవాళ్లనూ అలాగే ముస్తాబు చేసేవాడు. "మా నాయిన బతికున్నప్పుడు గింత మంచిగ లేకుండె" అని ఒకాయన మెచ్చుకుని పోయాడు కూడా.

మనిషి మంచివాడే. ఎదుటివాణ్ని ఆటపట్టించకుండా ఉండలేకపోవడం ఒక్కటే అతని జబ్బు. ఆ ఆటలకు జోడీ గోవర్ధన్. ఇద్దరిదీ ఒకే బజారు, ఒకే బడి. గోవర్ధన్ మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడిపేవాడు. పెళ్లి కాలేదు. అక్క ప్రవళికను మిర్యాలగూడలో ఇచ్చారు కనుక ఇంట్లో తల్లి భద్రమ్మ, తను, అంతే.

ఒకసారి గోవర్ధన్ దండం పెడుతున్న ఫొటోతో "మీ వార్డు అభ్యర్థి" అని శ్రీహరి ఫ్లెక్సీ కొట్టి ఊళ్లో కట్టాడు. నెలరోజులపాటు జనం గోవర్ధన్‌ను ఆపి పూడిపోయిన మురుగు మోరీల గురించి నిలదీశారు. దానికి బదులుగా గోవర్ధన్ కోదాడ నుంచి మునగాల దాకా రోడ్డు పక్క గోడల మీద "సెప్టిక్ ట్యాంక్ శుభ్రం చేయబడును" అని రాయించి, కింద శ్రీహరి ఫోన్ నంబరు వేయించాడు. అన్నం తినేటప్పుడు కూడా శ్రీహరి ఫోన్ మోగేది. ఎవరో ఒకాయన తన ట్యాంకు ఎంత నిండిందో వివరంగా చెప్పేవాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే శ్రీహరికి ఆ ఆలోచన వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఏడున్నరకు నడిగూడెం అడ్డరోడ్డు దగ్గర ఎనిమిదడుగుల ఫ్లెక్సీ కట్టాడు. నడుమ దండ వేసిన గోవర్ధన్ మొహం, అటూ ఇటూ దీపాలు, పైన "అశ్రునివాళి", కింద పుట్టిన తేదీ, పక్కనే ఆ రోజు తేదీ. గోవర్ధన్ డ్యూటీ దిగి ఎనిమిదిన్నరకు ఆ దారినే వస్తాడు. వాడు తన చావును తను చూసుకునేటప్పుడు వీడియో తీసి, వెంటనే విప్పేయాలని అనుకున్నాడు. భద్రమ్మ కూతురింటికి పోయింది, ఇంకో రెండు రోజులకు గాని రాదు. అది కూడా కనుక్కునే కట్టాడు.

ఎనిమిదికి కోదాడ నుంచి వచ్చిన బస్సులోంచి భద్రమ్మ దిగింది. కూతురింట్లో పొద్దుపోవడం లేదని రెండు రోజులు ముందుగానే బయల్దేరింది.

ఆమెకు చదువు రాదు. అయితే దండ, దీపాలు ఉన్న ఫొటో అంటే ఏమిటో చదువు రానివాళ్లకూ తెలుసు. ఆమె ఏడవలేదు. సంచి పక్కన పెట్టి ఫ్లెక్సీ కింద మట్టిలో కూర్చుంది. హోటల్ చాటున ఫోన్ పట్టుకుని నిలబడ్డ శ్రీహరి పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దమ్మా, ఉత్తదే. నవ్వులాటకు కట్టిన. గోవర్ధన్ మంచిగనే ఉన్నడు, వస్తాండు."

ఆమె అతని మాట విన్నట్టే లేదు. అరగంటకు గోవర్ధన్ వచ్చి తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. భద్రమ్మ అతని మొహాన్ని చాలాసేపు చూసింది.

"ఎవరు బిడ్డా నువ్వు? మా వాని అంగీ ఏసుకున్నవేంది?"

చుట్టూ చేరినవాళ్లు పకపకా నవ్వారు. ముసలమ్మ ఎదురు దెబ్బ కొట్టిందనుకున్నారు. శ్రీహరి అందరికంటే గట్టిగా నవ్వాడు. భద్రమ్మ మాత్రం నవ్వలేదు. ఆ రోజూ నవ్వలేదు, తర్వాతా నవ్వలేదు.

సూర్యాపేటలో డాక్టరు చూశాడు. సొంతవాళ్లనే వేషం వేసుకొచ్చిన పరాయివాళ్లనుకునే జబ్బు ఒకటుందని, మెదడు ముందే అరుగుతూ వచ్చి ఉంటుందని, ఈ దెబ్బ దాన్ని బయటికి తోసిందని చెప్పాడు. "ముందే" అన్న మాటను శ్రీహరి గట్టిగా పట్టుకున్నాడు. పడుకునే ముందు దాన్నే తలచుకునేవాడు. భద్రమ్మ మాత్రలు మింగేది కాదు. "నా కొడుకు పోతే నాకెందుకు గోలీలు" అనేది.

ఫ్లెక్సీని ఆమె ఇంటికి తెప్పించి ముందు గదిలో గోడకు కట్టించింది. చించబోతే కొడవలి తీసింది. దాని ముందు దీపం పెట్టేది, విస్తరి వేసి అన్నం వడ్డించేది. గోవర్ధన్ కిందే చాప వేసుకుని పడుకునేవాడు. పైన చేటంత తన మొహం. ఒకరోజు ఆకలికి ఆగలేక విస్తరి ముందు కూర్చుని, "నా పేరు మీద పెట్టిందే గద" అని తిన్నాడు. భద్రమ్మ చూసింది. తలుపు దగ్గరికి వేసుకుని బయట కూర్చుంది. శ్రీహరితో ఆ సంగతి గోవర్ధన్ నవ్వుతూనే చెప్పాడు.

శ్రీహరి తనకు తెలిసిన వైద్యం చేశాడు. ఇంకా పెద్ద ఫ్లెక్సీ కొట్టాడు. గోవర్ధన్ కేకు కోస్తున్నాడు, పైన "జన్మదిన శుభాకాంక్షలు". పట్టుకెళ్లి భద్రమ్మకు చూపించి, ఏం రాసి ఉందో చదివి వినిపించాడు.

"సచ్చిపోయిన లీడర్లకు పుట్టినరోజులు చేస్తలేరా? మంచి పని చేసినవ్ కొడుకా" అని దాన్ని ఎదురు గోడకు కట్టించింది.

ఇరవై ఆరో రోజు పొద్దున పదకొండు కావస్తుండగా భద్రమ్మ ఒక్కతే ఆటోలో దుకాణానికి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది, తలకు నూనె రాసుకుంది. స్టూలు మీద కూర్చుని, కొంగు ముడిలోంచి గోవర్ధన్ ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"మా వాని అంగీ ఏసుకుని తిరుగుతున్న గీ రెండోవానికి గూడ ఒకటి కొట్టు శ్రీహరీ. చిన్నది సాలు. పాపం, ఎవ్వరు లేనోడు."

శ్రీహరి ఆమెను బుజ్జగించబోయాడు. "అట్లనే పెద్దమ్మా. తేదీ ఏమెయ్యాలె?"

"ఇయ్యాల్టిదే ఎయ్యి. కోడికూర వండి పెట్టొచ్చిన. పదకొండింటికి డ్యూటీ దిగొచ్చి తింటడు."

"కూరల ఏం కలిపినవ్?"

"పత్తికి కొట్టంగ మిగిలింది" అంది, ఉప్పు సంగతి చెప్పినట్టు.

శ్రీహరి వెంటనే గోవర్ధన్‌కు ఫోన్ కొట్టాడు. మూడోసారికి గోవర్ధన్ ఎత్తాడు.

"అన్నం ముట్టకురా. మీ అమ్మ మందు కలిపింది."

గోవర్ధన్ గొంతు మెత్తగా వినిపించింది. "ఇగ ఖతం చెయ్యవా నీ ముచ్చట్లు? నెలరోజులకు అమ్మ నాకు అన్నం పెట్టి పోయిందిరా. నా పళ్లెంల, మూత పెట్టి. దీన్ని గూడ నవ్వులాట చెయ్యకు, నీకు దండం పెడ్త."

ఫోన్ కట్ చేశాడు. మళ్లీ కొడితే కలవలేదు. శ్రీహరి, గోవర్ధన్ పక్కింటి లక్ష్మయ్యకు కొట్టాడు. లక్ష్మయ్య విని, "ఇంత జరిగినా బుద్ధి రాలేదారా నీకు" అని తిట్టి పెట్టేశాడు. శ్రీహరి 108కు చెప్పి, భద్రమ్మను స్టూలు మీదే వదిలి బండి తీశాడు. దారి పొడవునా ఎన్ని గోడలు దాటాడో, అన్నిటి మీదా తన నంబరే ఉన్నట్టు అనిపించింది.

ఇరవై నిమిషాలకు గోవర్ధన్ ఇంటికి చేరాడు. రెండు ఫ్లెక్సీల నడుమ గోవర్ధన్ పీట మీద కూర్చుని ఉన్నాడు. పళ్లెం సగం ఖాళీ అయింది. శ్రీహరి దాన్ని తన్నేశాడు. గోవర్ధన్ కోపంగా లేవబోయి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. నోటి వెంట సొంగ కారుతోంది.

"జర వాసనొచ్చింది" అన్నాడు. "అమ్మ పెట్టింది గద అని తిన్న."

సూర్యాపేట దవాఖానలో పంతొమ్మిది రోజులు ఉన్నాడు. గొంతుకు రంధ్రం చేసి గొట్టం వేశారు. పోలీసులు వస్తే కాగితం అడిగి, "మందు నేనే తాగిన" అని రాసిచ్చాడు. సాక్షిగా సంతకం పెట్టమని దాన్ని శ్రీహరి ముందుకు జరిపారు. శ్రీహరి పెట్టాడు. ఎంతోమంది చావు తేదీలను టైపు చేసిన వేళ్లు తన పేరు రాయడానికి మొరాయించాయి.

భద్రమ్మను ప్రవళిక మిర్యాలగూడ తీసుకుపోయింది. వంటగదికి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని తిరిగేది. శ్రీహరి ఆ దుకాణం మానేసి, మిర్యాలగూడలోనే ఒక రైసు మిల్లులో తూకం కాంటా దగ్గర పనికి కుదిరాడు. ఎవరూ రమ్మనలేదు. కోదాడలో ఉండలేకపోయాడు, అంతే.

ఆరు నెలలకు గోవర్ధన్ తల్లిని చూస్తానన్నాడు. అప్పటికి సగం మనిషయ్యాడు. ఆమధ్య గీయించిన గుండు మీద కొత్త వెంట్రుకలు, మొహం నిండా గడ్డం, గొంతు గరగరమంటూ వేరేవాడి గొంతులా ఉంది. శ్రీహరి కూడా అతని వెంట వెళ్లాడు.

"ఎవరు బిడ్డా?" అంది భద్రమ్మ.

"గోవర్ధన్ దోస్తును పెద్దమ్మా. రూప్లా అంటరు, తండా మాది" అన్నాడు గోవర్ధన్.

ఆమె మొహం విప్పారింది. పక్కన కూర్చోబెట్టుకుని కొడుకు ముచ్చట్లన్నీ చెప్పింది. చిన్నప్పుడు గొర్రెపిల్లను పక్కలో వేసుకుని పడుకునేవాడట, లారీ పని దొరికిన రోజు తనను ముందు సీట్లో ఎక్కించుకుని సాగర్ కట్ట చూపించాడట. గోవర్ధన్ ఊ కొడుతూ విన్నాడు. లేవబోతుంటే ఆమె గొంతు తగ్గించి శ్రీహరిని అడిగింది.

"అవునుగని, ఆ రెండోవాడు ఏమైండు?"

శ్రీహరి ఏదో ఒకటి అనేలోపు గోవర్ధనే చెప్పాడు.

"పోయిండు పెద్దమ్మా."

"పోనీ తియ్. ఇగ పానం నిమ్మలమైంది."

ఇప్పటికీ నెలకోసారి ఇద్దరూ వెళ్తారు. ప్రవళిక చాయ్ పెట్టి తనే తెచ్చిస్తుంది. భద్రమ్మ ముచ్చట చెబుతూ చెబుతూ ఒక్కోసారి మధ్యలో ఆగిపోతుంది. గోవర్ధన్ చెవులనూ వేళ్లనూ గడ్డం కింది దవడనూ పట్టి పట్టి చూస్తుంది. అలా చూడటం మొదలుపెట్టగానే, ఆ రెండోవాణ్ని పోల్చుకుంటుందేమోనని శ్రీహరి లేచి, బస్సు టైమైందని చెప్పి అతన్ని బయటికి తీసుకొచ్చేస్తాడు.