నాయన విన్న మాట

మొన్న ఆదివారం తిరుపతిలో మా వీధి చర్చిలో, కొత్తగా వచ్చిన చిన్న వయసు పాస్టరుగారు దేవుడు తన జనంతో చేసిన నిబంధనను ఎన్నడూ మరువడని, మాట ఇచ్చి తప్పేవాడు కాడని ప్రసంగించి, నమ్మినవాళ్ళంతా చేతులెత్తండి అంటే, అరవై అయిదేళ్ళ నేను ఒక్కదాన్నే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను. పక్కనున్నావిడ నాకు భుజం నొప్పి అనుకుని ఉంటుంది.

మాది నగరి. నాయన మరమగ్గాల మీద కూలికి చీరలు నేసేవాడు, మా రేకుల చర్చికి సంఘపెద్ద కూడా. రోజంతా మగ్గాల మోతలో బతికే మనిషి కాబట్టి ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడేవాడు, ప్రార్థన ఇంకా గట్టిగా చేసేవాడు. దేవుడికేమన్నా చెవుడా అని అమ్మ నవ్వేది. పిల్లలం అబద్ధమాడితే కొట్టేవాడు కాడు, మన దేవుడు మాట మీద నిలబడేవాడు, మనమూ నిలబడాల అనేవాడు, అంతటికే మాకు ఏడుపొచ్చేది.

అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం పోతూ పోతూ దాని గుండెలో కవాటాన్ని చెడగొట్టి పోయింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, బిందె ఎత్తుకుని నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడేది. నేను చిత్తూరులో నర్సు ట్రైనింగు రెండో ఏడు చదువుతుండగా, మద్రాసు ఆసుపత్రి నుంచి ఆపరేషనుకు రమ్మని కార్డు వచ్చింది.

నాయన మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించాడు. మూడో రోజు మధ్యాహ్నం చర్చి నుంచి వెలిగిపోతున్న ముఖంతో ఇంటికొచ్చి, "బిడ్డ బతుకుతాదని ఆయన నాకు మాటిచ్చినాడు. కొయ్యాల్సిన పని లేదు" అన్నాడు. సంఘమంతా స్తోత్రమన్నారు. అమ్మ మాత్రం ఆ కార్డును చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

సెలవుకు వచ్చిన నన్ను అక్క పెరట్లోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"మే, నువ్వు నర్సు సదువు సదువుతా ఉండావు గదా. పోదామా, వద్దా? నువ్వు సెప్పు."

ఆ కవాటం చివరికి ఏమవుతుందో నాకు తెలుసు. ఆ నెలలోనే మాకు ఆ పాఠం చెప్పారు, నోటుపుస్తకంలో బొమ్మ కూడా గీశాను. అయినా నాయన ముఖంలోని ఆ వెలుగు ముందు నా చదువు నాకే చిన్నదిగా కనబడింది, నిజం చెప్పొద్దూ, నమ్మాలని నాకూ ఆశగానే ఉండింది. నాయన చెప్పినట్టే విందామక్కా అన్నాను. అక్క ఇంకెవరినీ అడగలేదు.

ఆ ఏడు వానల్లోనే, వంటింటి గడప దగ్గర, కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది.

సమాధి దగ్గర నాయన ఏడవలేదు. వారం తర్వాత నన్ను చిత్తూరు బస్సెక్కించడానికి వచ్చి, బస్టాండులో, నాకు తెలిసి మొదటిసారి, మెల్లగా మాట్లాడాడు. "ఆయన మాట తప్పలేదు మ్మా. నేనే నా ఆశను ఆయన మాట అనుకున్నా." ఆ నెలలోనే సంఘపెద్దగా తప్పుకున్నాడు. ఇంకో పదకొండేళ్ళు బతికాడు, ఒక్క ఆదివారమూ మానకుండా చర్చికి వెళ్ళి వెనక గోడకానుకుని కూర్చునేవాడు కానీ, ఆయన నోరు తెరిచి ప్రార్థన చేయగా మళ్ళీ ఎవరూ వినలేదు.

నాయన తప్పుగా విన్నాడు, ఆయనకు ఆ మాత్రం ఓదార్పైనా ఉండింది. నాకు ఏ స్వరమూ వినబడలేదు, నేను తెలిసే ఊరుకున్నాను. దేవుడు నమ్మదగినవాడా కాడా అని నేను తేల్చుకునేలోపే, నేను నమ్మదగినదాన్ని కానని తేలిపోయింది. ఈ నలభై అయిదేళ్ళలో మోకరించినప్పుడల్లా ఆ సంగతే ముందుకొచ్చి కూర్చుంటుంది, దాన్ని దాటి ప్రార్థన ముందుకు పోదు.

ఇప్పుడు నగరిలో ఆ రేకుల చర్చి ఉన్నచోట మేడ లేచింది. అప్పుడు మద్రాసుకు రమ్మన్న ఆ ఆపరేషను ఇప్పుడు తిరుపతిలోనే చేస్తున్నారు. రిటైరయ్యే ముందు ఆరేళ్ళు గుండె వార్డులో పనిచేశాను. అక్క ఈడు పిల్లలు కుట్లు మానకముందే నవ్వుకుంటూ ఇంటికి పోయేవాళ్ళు, దేవుడు కాపాడినాడు సిస్టరమ్మా అని వాళ్ళ తల్లులు నా చేతులు పట్టుకుంటే, మందులు ఏ వేళకు వెయ్యాలో ఇంకోసారి చెప్పి లోపలికి వచ్చేసేదాన్ని. ఈ కాలంలో పుట్టి ఉంటే అక్క బతికేదే అంటారు మావాళ్ళు. నేనూ ఈ కాలంలో పుట్టి ఉంటే, ఆ రోజు అక్కతో పోదామని అనేదాన్నేనా అంటే, ఏమో, ఆ నమ్మకం నాకు ఇప్పటికీ లేదు.