రెక్క మీద అరిగిన రంగు

వికారాబాద్‌లో తాండూరు ప్యాసింజర్ ఎక్కాక, ఒళ్లో ఉన్న డబ్బా మూత తీశాను. అందులో నేను రంగులేసిన బొమ్మ యుద్ధవిమానం ఉంది. అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు. పైలట్ ఎక్కేటప్పుడు కాలు పడే చోటు లెక్కగట్టి, రెక్క మీద అక్కడ రంగు అరిగినట్టు గీకాను.

ఎదుటి సీట్లోని ముసలామె వంగి చూసింది.

"గీడ కాలువెట్టి ఎక్కిండు గదా. మరి మనిషేడి?"

"మనిషిని పెట్టలేదమ్మా."

"మా పెద్దోడు బండల లారీ తోలుతుండె. లారీ దొరికింది. వాడింక దొరకలే."

ధారూర్‌లో దిగబోతూ, పైలట్ సీటు మీది అద్దం మూతను వేలితో తాకింది.

"గిది జర తెరిచివెట్టు కొడుకా. దిగనీకి."

తర్వాత నేను చేసిన ఏ విమానానికీ ఆ అద్దం మూయలేదు. లోపలంతా దుమ్ము పడుతుంది. సీటు మీద మాత్రం ఎందుకో తక్కువ.