అక్క నిరూపించిన సిద్ధాంతం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా అక్క అనకాపల్లి నుంచి విశాఖపట్నానికి రోజూ రైల్లో వెళ్లి, యూనివర్సిటీలో గణిత పరిశోధన చేసేది. నేను డిగ్రీ చదువుతున్నాను. నాన్న లేడు. అమ్మ ఇంట్లో మిషను కుట్టి మమ్మల్ని చదివించింది.

అక్క తన లెక్క ఏమిటో ఒకసారి ప్లాట్‌ఫారం మీద చెప్పింది. వంకరగా నడిచే ఒక ప్రమేయాన్ని సులువైన ప్రమేయాలతో వీలైనంత దగ్గరగా పట్టుకోవాలి. సంఖ్యారేఖలో చిన్న ముక్క మీదైతే బహుపదులు చాలు.

“సంఖ్యారేఖ మొత్తం మీదైతే అవి పనికిరావే. దూరం వెళ్లేకొద్దీ ఆకాశానికో పాతాళానికో పోతాయి. ఒక బహుపదిని ఇంకో బహుపదితో భాగించేవనుకో, హారం దాన్ని పట్టి ఉంచుతుంది. రెండు చివర్లా నిమ్మళంగా ఉంటుంది.”

ఆ భిన్నాలు ఎంత వేగంగా దగ్గరవుతాయో తేల్చడమే తన పని. ఏళ్లు పట్టినా తేల్చింది. ఆ ఆదివారం చర్చిలో అమ్మ లేచి, మా పెద్దపిల్ల లెక్క తేలిందని సాక్ష్యం చెప్పింది. ఎవరికీ అర్థం కాలేదు. అందరూ స్తోత్రం అన్నారు.

ఆ వర్షాకాలంలో ఒక సాయంత్రం అక్క తడిసి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూలబడింది. గైడు పిలిచి ఒక విదేశీ జర్నల్ చూపించాడట. అదే ఫలితం, ఇంకా బలంగా, ఎవరో అప్పటికే అచ్చువేయించేశారు.

“అయితే నువ్వు సేసింది తప్పేటమ్మా?” అంది అమ్మ.

“తప్పు కాదమ్మా. ముందే వేరేవాళ్లు చేసేసేరు.”

“ఇద్దరు సేత్తే ఏటైపోద్ది? ఇద్దరిదీ రైటే కదా?”

అక్క నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. అమ్మ కుడుతున్న జాకెట్టు పక్కన పడేసి, కొంగుతో అక్క తల తుడుస్తూ ఉండిపోయింది.

గైడు ఇంకో సమస్య ఇస్తానన్నాడు. అక్క వెళ్లలేదు. నక్కపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరుగా చేరింది. లెక్క సంగతి అడుగుతారని చాన్నాళ్లు చర్చికి కూడా రాలేదు.

నేను లెక్కల ఎమ్మెస్సీలో ఉండగా, అక్కకంటే ముందు వాళ్లు అచ్చువేయించిన ఆ పేపరు లైబ్రరీలో దొరికింది. జిరాక్సు తీయించి తెచ్చి, అర్థం కావట్లేదక్కా అని ఇచ్చాను. అక్క అప్పటిదాకా దాన్ని పూర్తిగా చదవనేలేదట. మధ్యాహ్నమంతా చదివి, ఒక్కో మెట్టూ ఓపిగ్గా చెప్పింది.

“నాదానికంటే బాగా చేసేరే,” అంది చివరికి. “నేను నెలల తరబడి కొట్టుకున్న చోట వీళ్లు ఒక్క వాక్యంలో దాటేసేరు.”

“నీ దగ్గరే ఉంచుకో అక్కా” అన్నాను.

వద్దని తల ఊపింది. మర్నాటి క్లాసుకు పాఠం చూసుకోవాలంటూ లోపలికి వెళ్లిపోయింది.