రేగడి కందులు, చెల్క కందులు, నా మొదటి డీల్

అది 2018 మే నెల. హైదరాబాద్‌లో ఎంబీఏ మొదటి సంవత్సరం పూర్తి చేసి, రెండు నెలల ఇంటర్న్‌షిప్ కోసం ఒక చిన్న ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో చేరాను. బ్యాంకు అనగానే, కోస్గిలో కుట్టుమిషన్లు బాగుచేసే మా నాయిన, "మన ఊరి బ్రాంచికి ఏస్తరా నిన్ను?" అని అడిగాడు. ఇది డబ్బు దాచుకునే బ్యాంకు కాదనీ, కంపెనీలు అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ మధ్య నిలబడి, విలువ కట్టి బేరం కుదిర్చే సంస్థ అనీ చెప్పాను. ఆయన "అంటే అంగట్ల ఎడ్లు అమ్మిచ్చే దలాలు పనే గదనే బిడ్డా" అన్నాడు. అప్పుడు నాకు చిన్నతనంగా అనిపించింది. ఈ పనిలో ఇన్నేళ్ళు గడిచాక, అంతకంటే మంచి నిర్వచనం నేనెక్కడా చదవలేదని ఒప్పుకుంటాను.

మా ఆఫీసులో పదకొండు మంది. నాకు పని అప్పగించే రాఘవ్ గారిది గుంటూరు వైపు. తక్కువ మాట్లాడతారు, ఆ తక్కువలోనూ సగం ప్రశ్నలే. నేను చేరేనాటికి ఆయన చేతిలో మక్తల్‌లోని ఒక కందిపప్పు మిల్లు అమ్మకం ఉంది. మిల్లు యజమాని గఫూర్ సాబ్. అరవై దాటిన మనిషి. షుగర్‌తో చూపు మసకబారి, ఇక నడపలేనని అమ్మకానికి పెట్టాడు. పుణెలో ఉన్న ఒక ఆహార పదార్థాల కంపెనీ కొంటానని ముందుకొచ్చింది. మేము అమ్మేవాళ్ళ తరఫు.

నా పని మోడల్ తయారు చేయడం. మోడల్ అంటే, కంపెనీ రాబోయే అయిదేళ్ళు ఎలా నడుస్తుందో అంచనా వేసి ఎక్సెల్‌లో కట్టే పట్టిక. అందులో సినర్జీ అని ఒక భాగం ఉంటుంది. కొన్నవాళ్ళు తమ పద్ధతులు తెచ్చాక ఎక్కడెక్కడ ఖర్చు తగ్గుతుందో చూపించే భాగమది. మిల్లు వెనక కల్లంలో కందులు ఎండబోసే పదకొండు మంది ఆడవాళ్ళ కూలి ఒక వరుసలో కనిపించింది. పుణెవాళ్ళు ఎండబెట్టే యంత్రం పెడతారు కనుక, రెండో ఏడాది నుంచి ఆ వరుసలో సున్నాలు పెట్టాను. అరనిమిషం పట్టి ఉంటుంది.

రెండో వారంలో చిక్కు వచ్చింది. వంద కిలోల కందులు ఆడిస్తే ఎన్ని కిలోల పప్పు చేతికొస్తుందో దాన్ని రికవరీ అంటారు. గఫూర్ సాబ్ మిల్లులో అది, అవే యంత్రాలున్న మిగతా మిల్లుల కన్నా మూడు కిలోలు ఎక్కువ. పుణెవాళ్ళు ఫోన్‌లో మొహమాటం లేకుండా చెప్పారు: ఇది అబద్ధమైనా అయ్యుండాలి, లేదా మీరేదో దాస్తూనైనా ఉండాలి. కారణం చెప్పకపోతే మేము వెనక్కి తగ్గుతాం.

రాఘవ్ గారు నన్ను పిలిచారు. "మీది అటువైపే కదమ్మా. వెళ్ళి చూడు. కారణం దొరికితే రాయి. దొరక్కపోతే దొరకలేదని రాయి. కల్పించొద్దు." గుమ్మం దాకా వెళ్ళాక మళ్ళీ పిలిచి, "అమ్మకం సంగతి పనివాళ్ళకు తెలియదు. అది మాత్రం నీ నోట రాకూడదు" అన్నారు.

కోస్గిలో ఇంట్లో ఉంటూ, రోజూ పొద్దున్నే నారాయణపేట మీదుగా మక్తల్ బస్సెక్కేదాన్ని. మొదటి రోజు గఫూర్ సాబ్ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చాయ్ తెప్పించాడు.

"సాబ్, మీ మిల్లులో పప్పు ఎందుకు ఎక్కువొస్తుంది?" అని అడిగాను.

"మిషన్ మంచిగ చూస్కుంటం బేటా. ఆపైన అల్లా బర్కత్."

దేవుడిచ్చే బర్కత్‌ను ఎక్సెల్‌లో ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. రెండు రోజులు యంత్రాల చుట్టూ తిరిగాను. కందుల పొట్టు మీద గీట్లు పెట్టే రోలర్లు, ఆ గీట్లలోకి నూనె పట్టించే డబ్బా, ఎండిన గింజను బద్దలు చేసే చక్కీ, అన్నీ చూశాను. ఫోర్‌మన్‌ను అడిగి బిగింపులు రాసుకున్నాను. తూకం కాటా సరిగ్గా ఉందో లేదో కూడా పరీక్షించాను. ఎక్కడా తేడా లేదు. దొరకలేదని రాయాల్సి వస్తుందేమోనని బెంగ పట్టుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం సద్ది విప్పుకోవడానికి నీడ వెతుక్కుంటూ కల్లం వైపు వెళ్ళాను. రేకుల కింద ఆడవాళ్ళు తింటున్నారు. అప్పుడే ఒక ట్రాక్టర్ వచ్చి బస్తాలు దించింది. యాభై ఏళ్ళ మనిషి ఒకామె ఎంగిలి చెయ్యి కడుక్కుని లేచి, ఒక్కో బస్తాలో చెయ్యి పెట్టి, రెండు గింజలు కొరికి, సుద్దముక్కతో గుర్తు పెడుతూ పోయింది. కొన్నింటికి గీత, కొన్నింటికి సున్నా. ఆమె పేరు బాలమణి.

"ఆ గుర్తులేంది అక్కా?" అన్నాను.

"గీత రేగడిది. సున్న చెల్కది."

నల్లరేగడి భూమిలో పండిన కందులూ, ఎర్రమట్టి చెల్కలో పండిన కందులూ వేర్వేరని ఆమె మాట. చూపుకు నాకు రెండూ ఒక్కటిగానే ఉన్నాయి.

"రేగడి గింజ మొండిది. పొట్టు జల్ది ఇడువదు. దానికి నూనె ఎక్కువ గావాలె, ఎండ ఎక్కువ గావాలె. చెల్కది నాజూకు. రెండూ ఒక్కతాన పోసినవనుకో, గది ఎండేదాక గిది పలుగుతది. పలిగిందంటే నూకే. పప్పేడికెల్లి వస్తది?"

"మిగతా మిల్లుల్లో ఇలా చేయరా?"

"ఎవలకు తీరిక? లారీ దించుడు, పోసుడు. ఈడ పెద్దమ్మ నేర్పింది, సాబ్ వాళ్ళమ్మ. ఆమె పోయినా మేం గట్లనే చేస్తున్నం."

నేను వెతుకుతున్న కారణం ఇదే కావచ్చు. అయినా నమ్మకం కుదరక, పది చిన్న కాగితాల్లో పది గుప్పెళ్ళు కట్టి, ఏది ఏ బస్తాదో నా పుస్తకంలో రాసుకుని, ఆమె ముందు పెట్టాను. మిగతా ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. తొమ్మిది సరిగ్గా చెప్పింది. పదోది కొరికి ముఖం చిట్లించింది.

"గిది రెండు తీర్లది. నువ్వే కలిపినవ్."

నిజమే. కడుతున్నప్పుడు కాగితం జారి గింజలు కలిసిపోయాయి. ఎవరూ చూడలేదనుకున్నాను. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే, నేను సున్నాలు పెట్టిన వరుస గుర్తుకొచ్చింది. పుణెవాళ్ళకు ఏ మూడు కిలోలు చూపించి ధర అడుగుతున్నామో, ఆ మూడు కిలోలను పుట్టించే మనుషులను అదే పట్టికలో నేనే తీసేశాను.

అంతలో బాలమణి నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "మిల్లు అమ్ముతుండ్రట గద?"

"నాకు చెప్పే అధికారం లేదక్కా" అన్నాను. అంతకన్నా మంచి జవాబు తట్టలేదు. ఆమె నా ముఖం చూసి, లేచి మళ్ళీ బస్తాల దగ్గరికి వెళ్ళింది.

బస్టాండు నుంచి రాఘవ్ గారికి ఫోన్ చేశాను. అంతా విని, "కూలి వరుసలో సున్నాలు పెట్టింది ఎవరు?" అన్నారు.

"నేనే సార్."

"నేనూ చూసి సరే అన్నాను. ఇద్దరం తప్పు చేశాం." అన్నారు. "కారణం చెబితే, ఖర్చు తగ్గదని వాళ్ళకు తెలుస్తుంది, ధర దించుతారు. చెప్పకపోతే గఫూర్ గారిని అబద్ధాలకోరు అనుకుంటారు. ఇది మనం తేల్చేది కాదు. ఆయన్నే అడుగుదాం."

మర్నాడు రాఘవ్ గారు మక్తల్ వచ్చారు. గఫూర్ సాబ్ అంతా విన్నాడు. తర్వాత, "అమ్మ సుద్దగీతలు పెడుతుంటే, ముసల్దానికి చాదస్తం అనుకున్న సాబ్. నలభై ఏండ్ల సంది ఆ పప్పే అమ్ముకుంట కూడ నాకు ఎర్కలేదు" అన్నాడు. ధర సంగతి రాఘవ్ గారు రెండోసారి గుర్తు చేశారు. "పోతే పోనియ్. దొంగ లెక్క రాసిండన్న మాట మా ఖాందాన్ మీద పడొద్దు. అందరిముంగట చేసి చూపిస్త" అన్నాడు గఫూర్ సాబ్.

ఆ సాయంత్రమే ఆయన కల్లం దగ్గరికి వచ్చి, మిల్లు అమ్మే మాట తానే ఆడవాళ్ళకు చెప్పాడు. ఎవరూ ఏడవలేదు, అరవలేదు. "మా కూలి ఎట్ల సాబ్?" అని మాత్రం ఒకామె అడిగింది. "కొనేటోళ్ళతోని మాట్లాడుత" అన్నాడాయన.

పుణె నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. రెండు కుప్పలు పోశాం. మొదటిది, రెండు రకాలూ కలిపినది. రెండోది బాలమణి వేరుచేసి, దేనికి తగిన నూనె దానికి, దేనికి తగిన ఎండ దానికి ఇచ్చినది. నాలుగో రోజు పగటిపూట మబ్బు పట్టి పెద్ద గాలి లేచింది. ఆడవాళ్ళు కుప్పల మీద కప్పే తాడిపత్రీ పట్టాలు లాక్కుంటూ పరుగెత్తారు. ఆ ఇంజనీరు కూడా చెప్పులు విప్పేసి ఒక కొస పట్టుకున్నాడు. నాలుగు చినుకులు రాలి వాన పక్కకు వెళ్ళిపోయింది. అయిదో రోజు రెండూ ఆడించాం. వేరుచేసిన కుప్పలో వందకు మూడు కిలోల పైచిలుకు ఎక్కువ వచ్చింది. ఇంజనీరు తూకం రెండుసార్లు వేయించి, బాలమణి దగ్గరికి వెళ్ళి, తనకు వచ్చిన హిందీలో, ఎలా కొరకాలో చూపించమని అడిగాడు.

తర్వాత పని విధానం మీద ఒక పేజీ నేను రాయాలి. అది ఒప్పందంలో భాగమవుతుంది. పంపే ముందు దాన్ని తెలుగులో ఆడవాళ్ళకు చదివి వినిపించాను. 'రేగడి కందులు మూడు రోజులు ఎండబెట్టాలి' అన్న దగ్గర బాలమణి చెయ్యెత్తి ఆపింది.

"మూడు దినాలని రాయకు. పడమటి గాలి కొడితె రెండే. మబ్బుంటే అయిదు. దినాలు సూసి తియ్యరు బిడ్డా, గింజను సూసి తీస్తరు."

"మరి ఏమని రాయాలక్కా? వకీలు అంకె అడుగుతడు."

"నన్నడగాలె అని రాయి."

రాఘవ్ గారు దాన్ని దాదాపు అలాగే రాయించారు. ఎండ ఎన్ని రోజులన్నది గ్రేడింగ్ సూపర్‌వైజర్ నిర్ణయం ప్రకారం అని. అలాంటి ఉద్యోగం ఆ మిల్లులో లేదు కనుక దాన్ని సృష్టించి, బాలమణి పేరు రాయాల్సి వచ్చింది. మూడేళ్ళ దాకా కల్లం, అందులో పనిచేసేవాళ్ళు కొనసాగాలన్నది మా తరఫున పెట్టిన ఇంకో షరతు. అందుకు తగ్గట్టుగా పుణెవాళ్ళు ధర తగ్గించారు. సంతకాల రోజు గఫూర్ సాబ్ నాతో, "నువ్వు అడిగిన ఒక్క మాట నాకు జర పిరమైంది బేటా" అన్నాడు. కోపంగా కాదు, అలాగని నవ్వుతూ కూడా కాదు.

అన్నీ మంచిగానే ముగిశాయని చెప్పలేను. గడువు తీరాక యంత్రం రానే వచ్చింది. కల్లంలోని పదకొండు మందిలో ఆరుగురే మిగిలారు. కాకపోతే యంత్రానికి రెండు వేర్వేరు తొట్లు పెట్టారని, ఏ బస్తా దేంట్లో పోయాలో ఇప్పటికీ బాలమణే చెబుతోందని ఆ ఇంజనీరు ఒకసారి ఫోన్ చేసి చెప్పాడు. ఆ మిగిలినవాళ్ళకు నేను మేలు చేశానా, పోయిన అయిదుగురికి ఇంకేమైనా చేయగలిగేదాన్నా అన్నది నాకిప్పటికీ తేలలేదు.

ఆ వేసవిలో మోడల్ కట్టడం, విలువ లెక్కగట్టడం, పెద్దవాళ్ళ ముందు తడబడకుండా మాట్లాడటం నేర్చుకున్నాను. అవి ఏ ఇంటర్న్‌షిప్‌లోనైనా వస్తాయి. మక్తల్ నేర్పింది వేరు. ఒకరి పని గురించి కాగితం మీద ఏం రాసినా, సంతకానికి వెళ్ళకముందే దాన్ని ఆ పని చేసేవాళ్ళ ముందు కూర్చుని, వాళ్ళ భాషలో పైకి చదవాలి. ఎక్కడ చెయ్యెత్తి ఆపుతారో అక్కడే నాకు తెలియనిది మొదలవుతుంది.