పాటల ఆల్బమ్‌కు ముందు నా గొంతు

ఆ ఆదివారం తాండూరులోని మా చర్చి సంఘంలో కొత్త ఆరాధన పాట రెండో చరణం దగ్గర నా గొంతు ఆగిపోయింది. కీబోర్డు మోగుతోంది, నోట్లోంచి గాలి మాత్రమే వస్తోంది.

మా దగ్గర చదువు రాని పెద్దలు ఎక్కువ. పాట నడిపే మనిషి ప్రతి పాదాన్నీ ముందుగా మాటల్లో చెప్పి అందిస్తాడు, తర్వాత అందరూ పాడతారు. ఆ అందించడం, పాడడం రెండూ నావే. మిగతా రోజుల్లో బండల పాలిష్ యూనిట్‌లో మెషిన్ల రొదలో కొలతలు అరిచి చెబుతాను. చదరపు అడుగుల లెక్క నోటితోనే కట్టడం సొంతంగా నేర్చుకున్నాను. అక్కడ రాతి దుమ్ము ఎక్కువ, అందుకే గొంతు బొంగురుపోతే దుమ్ము వల్లే అనుకున్నాను.

వారాలు గడిచినా తగ్గలేదు. సంఘాలు పాడుకోవడానికి నేను కట్టిన పాటలతో ఆల్బమ్ రికార్డింగు దగ్గరపడింది. అన్నీ నేనే పాడాలి.

"దుమ్ము దుమ్ము అనుకుంట ఎన్ని దినాలు కూసుంటవ్? వికారాబాద్ పోదాం నడువు" అంది నా భార్య సుజాత.

అక్కడ ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి లారింగోస్కోపీ చేశారు. "వోకల్ కార్డ్ మీద పాలిప్ ఉంది, చిన్న కండలాంటిది. తీసి బయాప్సీకి పంపిద్దాం."

"పాడొచ్చా సార్?"

"ముందు మాట సరిగ్గా రానివ్వండి."

సర్జరీ అయింది. బయాప్సీ రిపోర్టు వచ్చింది. బినైన్, అంటే క్యాన్సర్ కాదు అన్నారు. వాయిస్ రెస్ట్ రాశారు, ఒక్క మాట కూడా వద్దన్నారు. నేను మాట్లాడలేదు. ప్రాక్టీసులో కూర్చుని, పాడేవాళ్ల చెవిలో పాదాలు గుసగుసగా అందించాను. శబ్దం రానప్పుడు అది రెస్టే అని నా లెక్క.

రివ్యూలో డాక్టరు మొహం మారింది. "మళ్లీ వాపు వచ్చింది. ఏం చేశారు?"

"మాట్లాడలే సార్. చెవులల్ల గుసగుసలాడిండు, గంతే" అంది సుజాత.

"గుసగుసకు గొంతు ఇంకా బిగుస్తుందమ్మా."

మళ్లీ మౌనం, తర్వాత స్పీచ్ థెరపీ. మాట తిరిగొచ్చింది, పై స్థాయి రాలేదు. విసుగొచ్చి ఒక సాయంత్రం సంఘం హాల్లో నా గొంతు అందేదాకా కీబోర్డు శ్రుతిని మెట్టు తర్వాత మెట్టు దించుతూ పోయాను. ఐదో మెట్టు దగ్గర ఆగి పాట ఎత్తుకుంటే, హాలు ఊడుస్తున్న మరియమ్మ పెద్దమ్మ కలిసి పాడింది. ఆమె పాడగా నేనెప్పుడూ వినలేదు.

"పెద్దమ్మా, నీకు పాట వచ్చా?"

"ఎప్పటిసంది వచ్చు. నువ్వు శ్రుతిని ఆకాశానికెక్కిస్తుంటివి, మేం ముసలోళ్లం చప్పట్లు కొట్టుకుంట కూసుంటిమి. పాటలు మాకోసమే అంటివి గదరా?"

ఆ వారమంతా కూర్చుని అన్ని పాటల శ్రుతీ వాళ్ల గొంతులకు సరిపోయేలా మళ్లీ లెక్కగట్టాను. స్టూడియో మానేసి, సంఘం మొత్తాన్నీ హాల్లోనే పాడించి రికార్డు చేశాం. పాదాలు సుజాత అందించింది.

ఆల్బమ్ బయటికొచ్చింది. అందులో నా గొంతు ఎక్కడుందో సుజాత కూడా గుర్తుపట్టలేకపోయింది. ఇప్పుడు ఆదివారాలు మూడో వరుసలో కూర్చుంటాను. సాయంత్రానికి గొంతు అలసిపోతుంది. యూనిట్‌లో కొలతలు పలక మీద రాసి చూపిస్తాను.

గొంతు బొంగురు రెండు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. పాట నడిపేవాళ్లైతే పాదం అందించడం ఇంకొకరికి నేర్పండి, మీ గొంతు బాగున్నప్పుడే.