గాలమ్మ, పదకొండు రెక్సిన్ తొడుగులు

గాలమ్మ జగడానికి దిగిందంటే వీధి చివర కుక్క కూడా లేచి కూర్చుంటుంది. ఆ రోజు మాత్రం గొంతు ఎత్తకుండానే గెలిచింది. ఆమె బళ్ళు బాగుచేసే షెడ్డులోనే, పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని వాళ్ళక్క అంతా కళ్ళారా చూసింది.

మిట్టమధ్యాహ్నం ఒక గుమాస్తా మోటారుసైకిలు తోసుకుంటూ, చెమటలు కక్కుతూ షెడ్డులోకి వచ్చిపడ్డాడు.

"ఏం బాగుచేశావమ్మా నువ్వు? ఎత్తురోడ్డు సగం ఎక్కేసరికి ఇంజను సలసలా కాగి ఆగిపోతోంది. వారంలో మూడోసారి! మా ఆఫీసు బండి ఒక్కటి కూడా నీ గడప తొక్కనివ్వను, చూస్కో!"

అన్నంత పనీ చేయగలడు. ఆ షెడ్డుకొచ్చే బళ్ళలో సగం ఆ ఆఫీసువే.

గాలమ్మ వంగి చూసింది. ఇంజను ముందు, పసిపిల్లకు లంగా కట్టినట్టు, కొత్తగా తగిలించిన నల్లటి రెక్సిన్ తొడుగు. పంట్లాం మీద బురద చిందకుండానట! అక్క దగ్గరున్న రెక్సిన్ చుట్ట లాక్కొచ్చి, గుమాస్తాను ఎండలో స్టూలు మీద కూర్చోబెట్టి, మెడ నుంచి మోకాళ్ళ దాకా చుట్టేసింది.

"ఎలా ఉంది సార్?"

"ఉడికిపోతున్నా, తియ్యి తల్లీ!"

"మీకు నోరుంది, అరిచారు. దానికి లేదు, ఆగింది. దాన్ని చల్లబరిచేది నీళ్ళు కాదు సార్, ఎదురుగాలి. అదే మూసేస్తే ఏం చేస్తుంది పాపం?"

వీధంతా గొల్లున నవ్వింది. చివరికి గుమాస్తా కూడా నవ్వాడు. అందరికంటే పెద్దగా నవ్వింది అక్కే. అంతలో ఆ తొడుగు అంచుకున్న ఎర్రపట్టీ ఆమె కంట పడింది. నవ్వు మింగేసి కుట్టుమిషను మీదికి వంగింది. బజారులో బళ్ళ సామాన్ల కొట్టువాడు అడిగితే, ఇంట్లో కూర్చుని ఇలాంటివి పదకొండు కుట్టి ఇచ్చింది. ఆ ఎర్రపట్టీ కుట్టు ఊరు మొత్తం మీద ఆమెకే వచ్చు. ఆ గర్వమే ఇప్పుడు కొంప ముంచింది.

గాలమ్మ అసలు పేరు తల్లికి కూడా తడుముకుంటే గానీ గుర్తుకు రాదు. పద్నాలుగేళ్ళప్పుడు, మెకానిక్ తండ్రి భోజనానికి వెళ్ళిన సందులో ఇంజను విప్పి మళ్ళీ బిగించింది. రెండు బోల్టులు మిగిలాయి. తండ్రి తల బాదుకుంటుంటే బండి మాత్రం నిక్షేపంగా నడిచింది. అప్పటి నుంచి బళ్ళు ఆమె చేతికే వచ్చాయి. ఏ రోగానికైనా ఆమె మందు ఒక్కటే: గాలి తగలనివ్వండి. అందుకే ఆ పేరు. కూర గిన్నె మీద మూత కూడా పెట్టనివ్వదు. ఈగలకు పండగ.

ఆమె తొడుగు ఊడదీసింది. ఇంజను చుట్టూ ఉన్న రేకుల సందుల్లో ఇటుకలా గట్టిపడ్డ మట్టిని కిరసనాయిలు, బ్రష్షుతో తోమింది. తారులా మారిన నూనె తీసేసి కొత్తది పోసింది.

"మాటలు సరే, ఇద్దరితో ఎత్తురోడ్డు ఎక్కించి చూపించు" అన్నాడు గుమాస్తా.

"ఎక్కు అక్కా. నీకంటే బరువు ఈ వీధిలో ఎవరున్నారు?"

"నా బరువుతో నీకేం పనే? నా తిండి నేను తింటున్నా!" అంటూనే అక్క ఎక్కింది. తప్పు చేసినవాళ్ళకు బిగుసుకునే ధైర్యం ఎక్కడిది?

అరవయ్యేళ్ళలో ఆమె మోటారుసైకిలు ఎక్కడం అదే మొదలు. మొదటి మలుపులో కళ్ళు మూసుకుంది. రెండో మలుపులో చెల్లెల్ని తిట్టింది. మూడో మలుపులో జుట్టుముడి ఊడి గాల్లోకి ఎగిరింది, నోట్లోంచి ఈల లాంటిదేదో వచ్చింది. "ఇంకాస్త పోనియ్యవే!" అని చెల్లెలి వీపు మీద చరిచింది. పళ్ళబండివాడు నోరెళ్ళబెట్టాడు. ఇంజను ఎక్కడా గొణగలేదు.

పైకి చేరగానే గాలమ్మ తాళం తిప్పి ఇంజను ఆపేసింది. "నిలబెట్టి గుర్రుమనిపిస్తే గాలేది?" అంది. వెనకే స్నేహితుడి స్కూటరు మీద వచ్చిన గుమాస్తా దణ్ణం పెట్టేశాడు.

"నాది తీరింది. ఆఫీసులో ఇలాంటి లంగాలు కట్టిన బళ్ళు ఇంకా పదున్నాయమ్మా. బళ్ళు ఆగినప్పుడల్లా నిన్నే తిడుతున్నారు. ఏ మహానుభావుడు కుట్టాడో గానీ!"

అక్క మబ్బుల్లేని ఆకాశంలో మబ్బులు వెతికింది. గుమాస్తా తన బండి తీసుకుని వెళ్ళిపోయాడు. తరవాత అక్కచెల్లెళ్ళిద్దరూ కాలినడకన దిగడం మొదలుపెట్టారు.

"ఎర్రపట్టీ బాగా కుదిరింది అక్కా."

"...చూశావా?"

"చూడకేం? నా లంగాలన్నీ నువ్వు కుట్టినవేగా."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. రోడ్డు పక్కన కూలబడి, పక్కలు పట్టుకుని నవ్వారు. ముందుగా తేరుకున్నది చెల్లెలే. కళ్ళు తుడుచుకుని అక్క చెయ్యి పట్టుకుంది.

"నేను ఊడదీస్తే నా తప్పు కప్పిపుచ్చుకుంటున్నానంటారు. రేపు పొద్దున ఆఫీసు గేటు దగ్గరికి నువ్వే రా అక్కా. కత్తెర తెచ్చుకో. ఆ పదీ నీ చేత్తోనే కత్తిరించు. కత్తిరిస్తూ కత్తిరిస్తూ, కుట్టింది నేనేనని గట్టిగా చెప్పు."