బోణీ చెడిన ఆట

ఆట ముగిసినట్టు ఈల పడినప్పుడు మేము గెలిచినామనే అనుకొన్నాను. స్తంభం పక్కన కుర్చీ మీద ఆనించిన నల్ల పలకలో సుద్దముక్కతో రెండు అంకెలు రాసి ఉన్నాయి. అప్పటికి నాకు అంకెలు రావు, అక్షరాలూ రావు. నోటును రంగు చూసి, బస్సును డ్రైవరు మొగం చూసి గుర్తుపట్టేదాన్ని. ఆ రెండింటిలో ఏది మాది, ఏది పెద్దది అని ఎవరిని అడిగేది? మా పిల్లలు ఎక్కువ పరుగెత్తినారు, ఎక్కువ అరిచినారు, కాబట్టి గెలిచే ఉంటారని అనుకొని చేతులు తట్టబోయినాను. అంతలో మా పాప కనబడింది. ఎర్రమట్టిలో ఉన్నచోటనే కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకొని ఉంది. నా పక్కన మా ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకొన్నాడు.

"పోయింది," అన్నాడు. "ఒక్క పాయింటు."

ఇది ఎనభైలలో మాట. ధర్మపురిలో మాకు చింతపండు వ్యాపారం. బజారులో చిన్న అంగడి, వారానికొకసారి కారిమంగళం సంత. పల్లెల్లో కొన్న కాయను ఇంటికి తెస్తే, కొట్టి, గింజ తీసి, ముద్ద కట్టేది నేనూ మా అత్తా. పాప అప్పుడు పదకొండో తరగతి. ఆడపిల్లల బడికి కొత్తగా వచ్చిన పీటీ టీచర్ బాస్కెట్‌బాల్ జట్టు కట్టి, మా పాపనూ మా అన్న కూతురినీ అందులో చేర్చుకొంది. ఏడాదంతా జట్టులో ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే సేలంలో ఆటల టీచర్ చదువుకు సీటు అడగవచ్చునని ఆమె ఒకసారి అన్నది. ఆ మాట విన్నప్పటినుంచి పాపకు వేరే ధ్యాస లేదు. నాకూ లేదు. గింజ తీసి తీసి నా వేళ్ళ కొనలు నల్లబడి, పులుపుకు చీలికలు పడి ఉండేవి. పాప వేళ్ళు అట్లా కాకూడదు. ఆ ఆట గురించి నాకు తెలిసింది అంతే.

మా ఆయన చెడ్డవాడు కాడు. లోకంలో అన్నిటికీ ఆయనకు ఒకటే కొలత, బోణీ. పొద్దున మొదటి బేరం బాగా కుదిరితే ఆ డబ్బు కళ్ళకద్దుకొని, తక్కెడకు తాకించి పెట్టెలో వేసేవాడు. మొదటి మనిషి బేరమాడి కొనకుండా పోతే ఆ రోజు ఆయనతో మాట్లాడడానికి లేదు. అందుకే మొదటి మనిషికి నష్టానికైనా ఇచ్చేవాడు గాని వట్టి చేతులతో పోనిచ్చేవాడు కాదు. పాప ఆటకూ అదే కొలత పెట్టినాడు.

"మొదటి ఆట నేను వచ్చి చూస్తా పాపా. బోణీ బాగుంటే ఏడాదంతా ఆడుకో. చెడితే ఇంక ఆ మాట ఎత్తొద్దు. బడికి పో, బడి విడిస్తే ఇంటికి రా."

మా అత్తకు మొదటినుంచీ ఇష్టం లేదు. ఆట పడింది ఆడి నెలలో, అంటే అరవవాళ్ళ ఆషాఢంలో. "ఆడి నెలలో విత్తనం తప్ప ఇంకేమైనా వేస్తారా? నిక్కరు వేసుకొని ఎగిరేదానికి ఆడి నెలే దొరికిందా దీనికి?" అనింది.

నిజంగానే ఆ రోజు ఆడి గాలి. మసాలా నూరే అమ్మిరాయి కూడా ఎగిరిపోతుందంటారే, ఆ గాలి. హోసూరు పక్కనుంచి వచ్చిన జట్టు పిల్లలు బస్సు దిగుతూనే కళ్ళలో దుమ్ము తుడుచుకొంటా నిలబడినారు. అందరిలోనూ పొడుగ్గా ఒక పిల్ల, రెండు జడలు మడిచి కట్టుకొని.

మా ఊళ్ళో వీధిలో, అంగడిలో, బడిలో అంతా అరవమే. తెలుగు మాకు గడప లోపలి మాట. బడిలో నోరు జారి తెలుగు పలికితే తోటిపిల్లలు వెక్కిరించేవాళ్ళు. ఆటలో మాత్రం మా పాపా, మా అన్న కూతురూ ఆ మాటనే పనికి పెట్టుకొన్నారు. బంతి ఎటు వేసేది, ఎవరు ఎటు పోయేది అన్నీ తెలుగులో అరుచుకొనేవాళ్ళు. అవతలివాళ్ళకు ఒక్క ముక్క తెలిసేది కాదు. ఊళ్ళో ఇంకో బడి పిల్లలతో సరదాకు ఆడినప్పుడు అట్లనే గెలిచినారంట. "అదేం భాషో గాని గట్టిగా అరవండి," అని టీచరే అనేదంట.

నడుమ విరామం దాకా మేమే ముందున్నామని మా ఆయన చెప్పినాడు. ఆయన మొగంలో అంగడిలో పెద్ద బేరం తెగే ముందు కనబడే కళ ఉండింది. విరామం తరువాత ఏమయిందో నాకు అర్థం కాలేదు. పాప "ఎడమకు పోవే, పైనుంచి వేస్తా" అని అరిస్తే, పాప చెయ్యి ఎత్తకముందే ఆ పొడుగుపిల్ల ఎడమకు వచ్చి నిలబడి ఉండేది. మళ్ళీ అట్లే. మళ్ళీ అట్లే. ఇంక కొంచెం సేపే ఉందని టీచర్ కేకలు పెట్టింది. అప్పటికీ మేమే ఒక పాయింటు ముందంట. పాప బంతి పట్టుకొని, "ఒసే, ఎనక్కి ఇస్తా, పట్టుకో" అని మా అన్న కూతురికి అరిచి, చూడకుండా ఎనక్కి ఇచ్చింది. అక్కడ ఉన్నది పొడుగుపిల్ల. బంతి అందుకొని అట్లే పరుగెత్తిపోయి వేసేసింది. దానికి రెండు పాయింట్లంట. ఈల పడింది.

నేను పిల్లలకోసం బిందెతో నీళ్ళు తీసుకొనిపోయి ఉన్నాను. మొదట ఆ పొడుగుపిల్లే వచ్చి దోసిలి పట్టింది.

"పెద్దమ్మా, కొంచెం నీళ్ళు పొయ్యండి."

చెంబు నా చేతిలోనే ఆగిపోయింది. "మీది కూడా తెలుగేనా అమ్మా?"

"మా బడిలో సగం మంది తెలుగే పెద్దమ్మా. మీ పాప శానా బాగా ఆడుతుంది. ఏం చేసేదీ ముందే చెప్పి చేస్తుంది, అదొక్కటే," అని నవ్వింది. ఎగతాళి లేదు ఆ నవ్వులో. నీళ్ళు తాగి, మూతి తుడుచుకొని పోయింది.

మా పిల్లలిద్దరూ విన్నారు. మా అన్న కూతురు నెత్తిన చెయ్యి పెట్టుకొంది. "అయ్యో దేవుడా! హోసూరు పక్క అంతా మనోళ్ళేనని మా నాయన చెప్తానే ఉంటాడే!"

"ముందే చెప్పి ఉండొచ్చు గదే నువ్వు!" అనింది పాప.

"ఎనక్కి ఇస్తానని ఊరంతా దండోరా వేసింది ఎవరే? నేనా?"

టీచర్ వచ్చి అందరినీ చుట్టూ కూర్చోబెట్టింది. ఆమె అరవంలో చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఒక్క పాయింటే కదా. వాళ్ళు చిన్న తరగతినుంచి ఆడుతున్నవాళ్ళు. మీరు బంతి పట్టి ఏడాది కాలేదు. కడదాకా వాళ్ళను ఊపిరి తీసుకోనివ్వలేదు. ఇది మొదటి ఆటే. ఇందులో మంచి ఎంత ఉందో ఇంటికి పోయి ఆలోచించుకోండి." పిల్లలు వినలేదు, ఏడుస్తా ఉండినారు. నేను విన్నాను. రాసుకోను రానివాళ్ళకు వినేది తప్ప దారి లేదు.

ఇంటికి నడిచి వచ్చినంత సేపూ మా ఆయన ముందర, మేమిద్దరం వెనక. అత్త తిన్నె మీదనుంచే అడిగింది. "ఏమాయె?"

"బోణీ చెడింది," అని ఆయన కాళ్ళు కడుక్కొని లోపలికి పోయినాడు. పాప కాన్వాసు బూట్లు విప్పి చింతపండు మూటల వెనక పెట్టేసింది. బతిమాలలేదు. ఒప్పుకొన్న మాట గదా.

ఆ తరువాత సాయంత్రాలు పాప మాతోపాటు గింజ తీయడానికి కూర్చుండేది. వాకిలి తలుపు గాలికి కొట్టుకొంటా ఉండేది, ఎంత కప్పినా పండు మీద దుమ్ము పడేది. మొదటి రోజు పాప తీసిన గింజను కూర్చున్నచోటనుంచే మూలనున్న గంపలోకి విసిరింది. ఒక్కటీ బయట పడలేదు. అత్త కూడా చేతిలో పని ఆపి చూసింది. రెండో రోజూ అట్లే. ఆ పైన ఒక రోజు గంపను దగ్గరికి లాక్కొని, మా మాదిరే ఒక్కొక్క గింజా చేత్తో వెయ్యడం మొదలుపెట్టింది. ఆ రోజు నాకు భయం వేసింది.

రాత్రి అన్నాలప్పుడు మా ఆయనకు టీచర్ మాటలు చెప్పినాను.

"ఒక్క పాయింటే గదండీ."

"ఒక్క పైసా తక్కువైనా కండక్టరు టికెట్ ఇయ్యడు."

"వాళ్ళు చిన్నప్పటినుంచి ఆడేవాళ్ళంట. అట్లాంటివాళ్ళతో కడదాకా సమానంగా నిలబడినారు."

"కడదాకా నిలబడి బేరమాడి, వట్టి చేతులతో పోయేవాడికంటే మొదటే పోయేవాడు మేలే."

"ఎందుకు పోయిందో తెలిసింది గదా. ఇంక తెలుగులో అరవరు."

దానికి ఆయన నవ్వినాడు. "దాని నోరే దాన్ని ముంచింది. అది కూడా ఒక మంచేనా?"

పాప కంచంలో చెయ్యి కడిగేసుకొని లేచిపోయింది. మా అత్త కొడుకు వైపు తిరిగింది. "తినే బిడ్డను లేపినావు గదరా. నాకూ ఆ ఆట ఇష్టం లేదు. అయినా నేను అన్నం ముందర ఆ మాట ఎత్తినానా?"

ఆయన తల ఎత్తలేదు. మాట మాత్రం మార్చలేదు.

రెండో ఆట మొరప్పూర్‌లో అని తెలిసింది. మా అన్న కూతురు వచ్చి వాకిట్లోనే నిలబడింది. "అత్తా, మామ ఏమన్నాడు? రేపు సాయంత్రం లోపల చెప్పకుంటే ఇంకో పిల్లను తీసుకొంటానంటా ఉంది టీచర్. ఒకసారి తీసుకొంటే ఈ ఏటికి అంతే."

మరునాడు కారిమంగళం సంత. తెల్లవారి మొదటి బస్సుకే మూటలు వేసుకొని ఆయనా నేనూ పోయినాము. ఆడి నెల కాబట్టి జనం పలుచగా ఉండినారు. మొదట పెరియంపట్టి ముసలామె ఒకామె వచ్చింది. పండు నలిపి చూసింది, వాసన చూసింది, పాతది అనింది. ఆయన తగ్గించినాడు. ఆమె ఇంకా తగ్గించమనింది. బోణీ కదా అని ఆయన ఇంకా తగ్గించినాడు. ఆమె ముద్దను తిరిగి మూటలో పడేసి, "వచ్చేటప్పుడు చూస్తాలే నాయనా" అని కొంగు దులుపుకొని పోయింది.

మా ఆయన మొగం మాడిపోయింది. ఆ తరువాత ఎంత సేపటికీ ఇంకో మనిషి మా వైపు రాలేదు. నేను లేచి మూటల మూతులు కట్టడం మొదలుపెట్టినాను. నేనేమీ ముందుగా ఆలోచించుకొని రాలేదు. చెయ్యి అట్లా పోయింది.

"ఏమే, ఏం చేస్తా ఉండావు?"

"మూటలు కడతా ఉండాను. పోదాం పదండి."

"ఎక్కడికి?"

"ఇంటికి. బోణీ చెడింది గదా."

"పిచ్చి పట్టిందా నీకు? సంత ఇంకా కూడనేలేదు!"

"బోణీ చెడితే ఇంక అంతే అంటారు గదా మీరు."

"అంటే? అంగడి మూసుకొని పోతారా ఎవరైనా? పోయి ఏం తినేది?"

రెండో మూటకు తాడు చుట్టినాను. పక్కన మిరపకాయలు అమ్మే ఆమె అరవంలో కేక వేసింది. "ఏమి అన్నా, పొద్దున్నే అంగడి మూయించేసిందా అక్క?" చుట్టుపక్కలవాళ్ళు నవ్వినారు. మా ఆయన నా చేతిలో తాడు గుంజుకొని, మూటలు తానే విప్పి, పండు ముద్దలు మళ్ళీ పేర్చినాడు.

ఆ రోజు బేరాలు బాగా జరిగినాయని చెప్పాలని ఉంది. జరగలేదు. తెచ్చిన మూటల్లో ఎక్కువ పాలు తిరిగి బస్సు మీదికే ఎక్కించినాము. అయినా ఆయన సంత విడిచేదాకా కూర్చున్నాడు. మధ్యాహ్నం బస్సులో పెరియంపట్టి దాటినాక, కిటికీ బయటికి చూస్తా అడిగినాడు.

"ఆ ఆట ఎక్కడంటా?"

"మొరప్పూర్‌లో."

"నేను రాను."

"సరే."

"నువ్వు పో. పలక చూసి వచ్చి చెప్పు." కొంచెం సేపటికి గుర్తు వచ్చింది ఆయనకు. "నీకు అంకెలు రావు గదా."

"పాప మొగం చూసి చెప్తాను."

బస్సు దిగి మూటలు అంగడిలో దించకముందే మా అన్న ఇంటికి పోయి, పాప ఆడుతుందని టీచర్‌కు చెప్పమని చెప్పి వచ్చినాను.

పాప మూటల వెనకనుంచి బూట్లు తీసి దులిపింది. సంతోషం ఏమీ కనబడలేదు. మొరప్పూర్‌లో ఆడింది, ఇంకా ఎక్కువ తేడాతో పోయింది. ఈసారి ఇద్దరూ నోరు మూసుకొని ఆడినారు, ఎవరు ఎటు పోతారో ఒకరికొకరు తెలియక. ఆ ఏడు చిన్న బడులతో గెలిచింది కొంచెం, ఓడింది ఎక్కువ. బోణీ చెప్పినట్టే అయిందని మా అత్త అంటూనే ఉండింది. సర్టిఫికెట్ వచ్చింది. దాంతో సేలంలో అడిగినాము. సీటు రాలేదు. పాప వేళ్ళు కొన్నాళ్ళు నా వేళ్ళ మాదిరే నల్లబడినాయి.

అంకెలు నేను నేర్చుకొన్నది చాలా ఏళ్ళకు, అరవంలో, సాయంత్రం బడిలో. తెలుగు అక్షరాలు ఇంకా ఆలస్యంగా. ఆ రోజు పలకలో ఏమేమి రాసి ఉండిందో చెప్పమని పాపను అడిగినాను, ఇప్పుడైతే చదవగలను గదా అని. మరిచిపోయినానమ్మా అంటుంది. నాకు నమ్మకం లేదు.

మా ఆయన ఆ తరువాత ఒక్క ఆటకూ రాలేదు. ఆట ఉన్న రోజు మాత్రం అంగడి కొంచెం ముందుగా మూసేవాడు. తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కొంటా పాపను పిలిచేవాడు. గెలిచినారా అని ఏనాడూ అడగలేదు.

"ఎంతలో పోయింది?" అనేవాడు.

పాప చెప్పేది. ఆయన విని, పాదాల మీద ఇంకో చెంబు నీళ్ళు పోసుకొని, "పోయినసారి కంటే తక్కువే," అనేవాడు, తక్కువ కానప్పుడు కూడా.